మంచుకు ఎన్ని మాటలు, నొప్పికి ఎన్ని మాటలు

కిందటి నెల ఈ శీర్షిక కింద డెంగీ జ్వరం గురించి రాశాము. చదివిన మిత్రులు కొందరు వివేకానంద ఆశ్రమం దగ్గర కనిపించి, "డాక్టరుగారూ! ఎప్పుడూ దోమలూ, చక్కెరజబ్బూ, రక్తపోటేనా? ఒక్క నెల ఆ మందులచీటీ పక్కన పెట్టకూడదూ?" అన్నారు. పెట్టేశాము. ఈ నెల మన కబుర్లు పుస్తకాల గురించి. పరాయి గడ్డ మీద కూర్చుని సొంత భాషకు చాకిరీ చేసిన మనుషుల గురించి. చివరికి వచ్చేసరికి మళ్ళీ ఆసుపత్రిలోనే తేలుతామేమో! వృత్తి అలాంటిది, ఏం చేస్తాము!

పినాంగ్ చూడని కుటుంబం మన సంఘంలో ఉండదు. జార్జ్‌టౌన్‌లో సైకిలెక్కిన పిల్లల గోడబొమ్మ ముందు మన పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీయనివారూ ఉండరు. ఆ బొమ్మ ఉన్న వీధి పేరు లెబు ఆర్మేనియన్. ఆర్మేనియా ఎక్కడ, పినాంగ్ ఎక్కడ? ఆ జాతి వర్తకులు ఒకప్పుడు ఈ తీరమంతా వ్యాపించారు. పినాంగ్ సముద్రపు ఒడ్డున 1885లో వెలిసిన ఈస్టర్న్ అండ్ ఓరియంటల్ హోటలు, సింగపూరులో 1887లో తెరిచిన రాఫిల్స్ హోటలు, రెండూ సార్కీస్ అనే ఆర్మేనియన్ అన్నదమ్ములవి. సింగపూరులో వాళ్ళు 1835లో కట్టుకున్న చర్చి ఇప్పటికీ నిలిచి ఉంది. మద్రాసులోనూ ఒక జార్జ్‌టౌన్ ఉంది, అందులోనూ ఒక ఆర్మేనియన్ వీధి ఉంది. ఊళ్ళు రెండు, పేటపేరు ఒకటే, వీధిపేరు ఒకటే!

మద్రాసు ఆర్మేనియన్ల సంగతి మరీ ముచ్చటైనది. 1794లో అక్కడ హరుత్యూన్ ష్మవోన్యన్ అనే మతగురువు 'అజ్దరార్' అనే మాసపత్రిక మొదలుపెట్టాడు. ప్రపంచం మొత్తం మీద ఆర్మేనియన్ భాషలో వెలువడిన మొట్టమొదటి పత్రిక అదే. పుట్టింది ఆర్మేనియాలో కాదు, మన చెన్నపట్నంలో! 18 సంచికలు వచ్చి 1796లో ఆగిపోయింది. ఆగిపోయినా ఆ జాతి దాని పేరును ఇవాళ్టికీ గౌరవంగా తలుచుకుంటుంది. పరాయి ఊళ్ళో నెలనెలా నాలుగు కాగితాలు కుట్టి పంచుకునే మనవంటి వాళ్ళకు ఈ కథ కాస్తంత ధైర్యం ఇవ్వాలి.

ఆర్మేనియా చిన్న దేశం. నేటి జనాభా ఇంచుమించు 30 లక్షలు. పక్కనే రష్యా అంతటి సముద్రం. ఇంత చిన్న జాతి అంత పెద్ద సంస్కృతి పక్కన నిలిచి తన ముఖం తాను ఎలా కాపాడుకుంది? వాళ్ళ కళాకారుల జీవితాలు చూస్తే ఒక దారి కనిపిస్తుంది. సముద్రాన్ని చిత్రించడంలో అందె వేసిన చెయ్యి అనిపించుకున్న ఐవజోవ్‌స్కీ 1817లో క్రిమియాలో ఒక ఆర్మేనియన్ ఇంట పుట్టాడు. పీటర్స్‌బర్గ్‌లో చదివి రష్యా నౌకాదళానికి ఆస్థాన చిత్రకారుడయ్యాడు. ఇంట్లో పెట్టిన పేరు మాత్రం హొవ్‌హన్నెస్. సంగీతకారుడు అరామ్ ఖచతుర్యాన్ 1903లో టిఫ్లిస్ నగరంలో ఒక పుస్తకాల బైండరు ఇంట పుట్టాడు. పద్ధెనిమిదేళ్ళ వయసులో మాస్కో చేరి అక్కడ సంగీతం నేర్చుకున్నాడు. నేర్చిన పద్ధతి మాస్కోది, అందులో పోసిన బాణీలు చిన్నప్పుడు వీధుల్లో విన్నవి. 1942 నాటి 'గయానే' నృత్యరూపకంలో ఆయన రాసిన కత్తుల నాట్యం మన పిల్లలు కార్టూన్లలోనూ సర్కస్సుల్లోనూ వింటూనే ఉంటారు, ఎవరిదో తెలియకుండానే. ఇక వాలెరీ బ్ర్యూసోవ్ అనే రష్యన్ కవి పనిగట్టుకుని ఆర్మేనియన్ భాష నేర్చుకుని, 1916లో ఆ భాషా కవిత్వాన్ని పెద్ద సంపుటంగా రష్యన్‌లోకి తెచ్చాడు. అంతకు ముందు ఏడాదే టర్కీ ఏలుబడిలో ఆ జాతి మీద ఘోరమైన మారణకాండ జరిగింది. మనుషులు చస్తూ ఉంటే కవిత్వం ఏమిటని ఆయన అనుకోలేదు.

తెలుగువారికి ఇలాంటి అనుభవం కొత్తదేమీ కాదు. త్యాగయ్య తమిళనాట తిరువయ్యూరులో కూర్చుని తెలుగులోనే పాడుకున్నాడు. ఈనాడు ఇక్కడ బ్రిక్‌ఫీల్డ్స్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకునే తమిళ పిల్లలు ఆ కీర్తనలు చక్కగా పాడతారు. అర్థం తెలియకపోయినా అక్షరం తప్పకుండా పాడతారు. అర్థం తెలియవలసిన మన పిల్లల్లో ఆ కీర్తనలు పాడేవారు ఎందరో, మనమే లెక్క వేసుకోవాలి.

సరే, ఆర్మేనియన్లకు రష్యా పొరుగిల్లు. మనకు పొరుగిల్లు కాదు కదా! మన వర్తకులు అక్కడ వీధులు కట్టలేదు. వాళ్ళ ఓడలు మన రేవులు ఏలలేదు. అయినా ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం కోస్తాలో, తెలంగాణలో, రాయలసీమలో చదువుకున్న వాళ్ళ ఇళ్ళల్లో టాల్‌స్టాయ్, గోర్కీ, చెహోవ్ చుట్టాల్లాగా మసిలారు. మా నాన్నగారి అలమరాలో భారతం పక్కన గోర్కీ 'అమ్మ' ఉండేది. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. గోర్కీ ఆ నవలను 1906లో అమెరికాలో ఉండగా రాశాడు. 1930లలో క్రొవ్విడి లింగరాజుగారు దాన్ని తెలుగు చేశారు. టాల్‌స్టాయ్ మహానవల 'యుద్ధం - శాంతి'ని బెల్లంకొండ రామదాసు, రెంటాల గోపాలకృష్ణ కలిసి తెలుగులోకి దించారు. శ్రీశ్రీ 'ఖడ్గసృష్టి'కి 1966లో సోవియట్ లాండ్ నెహ్రూ బహుమతి వచ్చింది. విజయవాడ విశాలాంధ్ర వారు పుస్తకాలు వాహనాల్లో వేసుకుని పల్లెపల్లెకూ తిప్పి అమ్మారు. దళసరి అట్ట, మంచి కాగితం, రంగు బొమ్మలు, ధర మాత్రం పిల్లవాడు దాచుకున్న డబ్బులకు అందేటంత.

ఆ పుస్తకాల మొదటి పేజీ కింద చిన్న అక్షరాలతో ఉండేది: 'ప్రగతి ప్రచురణాలయం, మాస్కో'. తరవాతి కాలంలో 'రాదుగ'. తెలుగు పుస్తకం మాస్కోలో అచ్చు కావడమేమిటి? అక్కడ తెలుగు ఎవరు రాశారు? ప్రూఫులు ఎవరు దిద్దారు? మా చిన్నతనంలో ఈ అనుమానం రాలేదు. విదేశంలో కాపురం పెట్టి, పిల్లల చేత 'అ ఆ'లు దిద్దించడానికి పడే అవస్థ తెలిశాక వచ్చింది.

ఆ ప్రచురణ సంస్థ 1931లో విదేశీ కార్మికుల సహకార సంఘంగా మొదలై, పేర్లు మారుతూ 1963లో 'ప్రగతి' అయింది. ప్రపంచంలోని ఎన్నో భాషల్లో పుస్తకాలు వేసేది. ఒక్కొక్క భాషకు ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళను పిలిపించి, జీతమిచ్చి, ఇల్లిచ్చి పనిలో పెట్టుకునేది. 1982లో సాహిత్యం పని విడదీసి 'రాదుగ'కు ఇచ్చారు. విజ్ఞానశాస్త్ర గ్రంథాలు 'మీర్' వారివి. అలా పిలుపు అందుకుని వెళ్ళిన తెలుగువారిలో ఇద్దరి గురించి ఇక్కడ చెప్పుకుందాము.

ఉప్పల లక్ష్మణరావుగారు 1898లో పుట్టారు. వృక్షశాస్త్రజ్ఞులు. ఐరోపాలో పరిశోధన చేశారు, స్విట్జర్లాండు వనిత మెల్లీగారిని పెళ్ళాడారు. స్వాతంత్ర్యోద్యమం నాటి భార్యాభర్తల కథను ఇద్దరి డైరీల రూపంలో చెప్పిన 'అతడు - ఆమె' నవల ఆయనదే. 1950ల చివర్లో, అరవయ్యో పడి దగ్గరకు వచ్చిన వయసులో మాస్కో వెళ్ళి, ఏళ్ళ తరబడి అక్కడే ఉండి అనువాదాలు చేశారు. అరవై ఏళ్ళకు మన వాళ్ళు ఫించను కాగితాలు సర్దుకుంటారు, ఆయన రష్యా చలిలో తెలుగు వాక్యాలు సర్దారు. 1985లో కాలం చేశారు. తన జీవితకథకు ఆయన పెట్టిన పేరు 'బతుకు పుస్తకం'. మనలో శాస్త్రం చదివినవారూ, ఇంజనీర్లూ, వైద్యులూ చాలామంది ఉన్నారు. "మాది సైన్సండీ, తెలుగు మాకెందుకు?" అనేవారికి చూపించవలసిన మనిషి ఆయన.

రెండవవారు రాచమల్లు రామచంద్రారెడ్డిగారు. సాహిత్య లోకానికి రారా. 1922లో కడప జిల్లాలో పుట్టారు. ఇంజనీరింగు చదువుతూ జాతీయోద్యమం రోజుల్లో వదిలిపెట్టారు. 'సంవేదన' పత్రిక నడిపారు. కథలు రాశారు. విమర్శకుడిగా ఆయన కలం అంటే పెద్ద పెద్ద రచయితలకే జంకు. 1970 నుంచి 1975 దాకా మాస్కోలో అనువాదకులుగా ఉన్నారు. ఆ పనిలో తగిలిన ముళ్ళన్నీ ఏరి తరవాత 'అనువాద సమస్యలు' అనే పుస్తకం రాశారు. దానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు వాళ్ళ బల్ల దగ్గరకు వెళ్దాము. అసలు రుచి అక్కడే ఉంది.

రష్యన్ కథ తెరిస్తే ముందు కురిసేది మంచు. ఆకాశం నుంచి రాలే మంచు రష్యన్‌లో స్నేగ్. నది మీద గడ్డకట్టింది ల్యోద్. తెల్లవారి కొమ్మల మీద ఉప్పులా పేరుకున్నది ఈనెయ్. గడ్డి మీద బొట్టు రసా. దారి కనపడనీయని పొగ తుమాన్. గాలితో కలిసి ముఖాన కొట్టేది మెతేల్. ఇన్నిటికీ తెలుగువాడి దగ్గర చప్పున దొరికే మాట ఒక్కటే, మంచు! గుంటూరులో కురిసేదేదో మనకు తెలుసు గానీ మాస్కోలో కురిసేది తెలియదు. అనువాదకుడు మంచుగడ్డ అన్నాడు, పొగమంచు అన్నాడు, మంచుతుఫాను అన్నాడు. అదీ చాలకపోతే హిమం, తుషారం, నీహారం అని సంస్కృతం అటక మీదివి దించాడు. ఒక్కొక్కసారి మాట వెతకడం మానేసి, చూసింది చూసినట్టు నాలుగు ముక్కల్లో వర్ణించి గట్టెక్కాడు. జీవితంలో మంచు చూడని తెలుగు పిల్లవాడు ఆ పుస్తకం చదివి దుప్పటి కప్పుకున్నాడంటే ఆ మహానుభావుల చలవే. చలి అనాలేమో!

కొన్ని చోట్ల మాత్రం తెలుగే రష్యన్‌కు దగ్గర చుట్టం. ఇంగ్లీషులో రాజైనా, పాలేరైనా, కన్నతల్లయినా ఒకటే సంబోధన. రష్యన్‌లో 'తీ' వేరు, 'వీ' వేరు. మన నువ్వు, మీరు లాగానే. ఒక నవలలో ఇద్దరు ప్రేమికులు 'మీరు' నుంచి 'నువ్వు'లోకి దిగారంటే కథ మలుపు తిరిగినట్టే. ఇంగ్లీషు మీదుగా వచ్చిన అనువాదంలో ఆ మలుపు ఎక్కడుందో ఊహించుకోవలసిందే. రష్యన్ తెలిసినవాడు తెలుగులో దాన్ని ఉన్నచోట ఉన్నట్టుగా దించగలడు.

ఇంకొకచోట తెలుగు రష్యన్ కంటే ఎక్కువ అడుగుతుంది. రష్యన్‌లో 'బాబుష్క' అంటే అమ్మకు అమ్మా అవుతుంది, నాన్నకు అమ్మా అవుతుంది. తెలుగులో రాసేవాడికి అలా కుదరదు. ఏ వైపు అవ్వో తేల్చుకోనిదే వాక్యం ముందుకు సాగదు. గోర్కీ తన బాల్యకథలో చెప్పుకున్న ఆ గొప్ప ముసలావిడ ఎవరు? తండ్రి కలరాతో పోయాక తల్లి పుట్టింటికి చేరిన పిల్లవాడికి కథలు చెప్పి పెంచిన ఆవిడ తల్లికి తల్లి. కనుక తెలుగులో ఆవిడ అమ్మమ్మ. ఆ ఒక్క మాటతో వోల్గా ఒడ్డు ముసలమ్మ కృష్ణ ఒడ్డుకు వచ్చి కూర్చుంటుంది. రష్యన్ చదువరికి కూడా దొరకని దగ్గరితనం అది. అనువాదం అంటే ఎప్పుడూ పోగొట్టుకోవడమే కాదు సుమా!

రష్యన్ దారిన మనకు వచ్చినవాళ్ళందరూ రష్యన్లు కారు. చింగీజ్ ఐత్మాతోవ్ కిర్గిజ్ జాతివాడు. ఆర్మేనియా లాగే అదీ చిన్న భాష. ఆయన 'జమీల్యా', 'తొలి ఉపాధ్యాయుడు' లక్ష్మణరావుగారి చేతుల మీదుగా తెలుగులోకి వచ్చాయి. కొండల్లోని పల్లెలో, తనకే అంతంతమాత్రం చదువున్న ఒక యువకుడు పాత గుర్రపుశాలను ఊడ్చి బడి పెడతాడు. ఊరు నవ్వుతుంది. ఆ బడిలో చదివిన అనాథపిల్ల పెరిగి పెద్ద విద్వాంసురాలవుతుంది. 'తొలి ఉపాధ్యాయుడు' కథ ఇదే. ఆదివారం తెలుగు తరగతి చెప్పడానికి మనలో వంతులు వేసుకునే దంపతులందరూ తప్పక చదవవలసిన పుస్తకం. అలాగే సుహొమ్లీన్‌స్కీ ఉక్రెయిను పల్లెటూరి బడి హెడ్మాస్టరు. ఆయన రాసిన 'పిల్లలకే నా హృదయం అంకితం' తెలుగునాట ఎందరో ఉపాధ్యాయుల బల్ల మీద ఉండేది. చిన్నపిల్లల కోసం చుకోవ్‌స్కీ రాసిన జంతువుల వైద్యుడి కథ 'నొప్పి డాక్టరు'గా వచ్చింది. మా వృత్తికి ఇంతకంటే మంచి పేరు మేము ఇంకెక్కడా వినలేదు.

వైద్యుల మాట వచ్చింది కనుక చెహోవ్‌ను దాటి పోలేము. ఆయన 1884లో మాస్కోలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. 1892 కలరా రోజుల్లో 25 పల్లెలకు, నాలుగు ఫ్యాక్టరీలకు, ఒక మఠానికి తానే డాక్టరు. క్షయతో 44వ ఏట పోయాడు. అంతకు ముందు 1890లో సహాలిన్ ద్వీపం వెళ్ళి, అక్కడి ఖైదీల ఇళ్ళు గడపగడపా తిరిగి లెక్కలు రాశాడు. తిరుగు ప్రయాణంలో ఆయన ఓడ హాంకాంగ్, సింగపూరు, కొలంబోల మీదుగా సాగింది. దారిలో ఇద్దరు చనిపోతే శవాలను గుడ్డలో చుట్టి సముద్రంలో వదిలారు. ఆ చూసిన చూపులోంచి పుట్టింది 'గూసెవ్' కథ. ఓడ ఆసుపత్రిలో ఇంటి మీద బెంగతో కన్నుమూసే ఒక మామూలు సిపాయి కథ అది. మన ఉత్తరాంధ్ర, గోదావరి పల్లెల జనం ఓడల అడుగున కూర్చుని మలయా తోటలకు చేరిన కాలమూ ఇంచుమించు అదే. వాళ్ళ ఓడల్లోనూ గూసెవ్‌లు ఉండే ఉంటారు. వాళ్ళ కథ రాయడానికి చెహోవ్ లేడు, అంతే తేడా.

ఎదురు దారి సంగతీ చెప్పాలి. మనవాళ్ళు మాస్కో వెళ్ళినట్టే, తెలుగు కోసం కూర్చున్న రష్యన్లూ ఉన్నారు. పెత్రునిచెవా అనే విదుషి 1960లో తెలుగు భాష మీద రష్యన్‌లో పుస్తకం వేసింది. ఆమె, స్వెత్లానా ద్జేనిత్, లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు నికితా గూరోవ్ కలిసి తయారుచేసిన తెలుగు - రష్యన్ నిఘంటువు 1972లో మాస్కోలో అచ్చయింది. గురజాడ 'కన్యాశుల్కం' రష్యన్‌లోకి వెళ్ళింది. గిరీశం మాటలను రష్యన్‌లో ఎలా పలికించారో గానీ, ఆ ధైర్యానికి చెయ్యెత్తి మొక్కాలి!

ఇదంతా సోవియట్ ప్రభుత్వం ఊరికే చేసిందా అంటే, కాదు. తన సిద్ధాంతాన్ని లోకానికి చాటుకోవాలన్నది దాని అవసరం. చెహోవ్‌తో పాటు ఉపన్యాస గ్రంథాలు కూడా కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయి. ఆ రాజ్యంలో నోరెత్తిన సొంత రచయితలు జైళ్ళకూ శిబిరాలకూ పోయారు, వాళ్ళ పుస్తకాలు ఆ వాహనాల్లో మన పల్లెలకు రాలేదు. అదీ నిజమే, ఇదీ నిజమే. తెలుగు చదువరి తెలివైనవాడు. ఉపన్యాసాలను అటక ఎక్కించి అమ్మమ్మ కథను తలగడ కింద పెట్టుకున్నాడు.

1991లో సోవియట్ యూనియన్ విడిపోవడంతో ఆ ఏర్పాటంతా కూలిపోయింది. జీతాలు లేవు, తెలుగు విభాగం లేదు. కొన్ని పుస్తకాలను మన ప్రచురణకర్తలు మళ్ళీ వేశారు. చాలావాటిని పాత పుస్తకాల దుకాణాల్లో ఏరుకోవలసిందే. అంటే ఏమిటి? ఒక పెద్ద రాజ్యం డబ్బు పెట్టినన్నాళ్ళే ఆ కిటికీ తెరిచి ఉంది. తెలుగువాళ్ళం భారతదేశంలోనే 8 కోట్లకు పైగా ఉన్నామని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. అంతమందిమి కలిసి ఒక కిటికీ సొంతంగా తెరిచి ఉంచుకోలేమా? ఆర్మేనియన్ మతగురువుకు మద్రాసులో ఏ రాజ్యం డబ్బు పెట్టింది?

ఇప్పుడు మన గడప దగ్గరకు వద్దాము. మన ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలు ఏటికేడు తగ్గుతున్నారు. వచ్చే ఏడాది నడపాలా, ఎత్తివేయాలా అనే చర్చ సంఘంలో మొదలయింది. "స్కూల్లో మలయ్, ఇంగ్లీషు తప్పనిసరి. మాండరిన్ వస్తే ఉద్యోగానికి మంచిది. తమిళం బజారుకు పనికొస్తుంది. తెలుగు దేనికి చెప్పండి?" అని అడిగే తల్లిదండ్రులున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. ఒకప్పుడు ఈ దేశపు తోటల్లో తెలుగు బడులుండేవి, ఇప్పుడు లేవు. పిల్లల బుర్రలో చోటు తక్కువ, పరీక్షలు ఎక్కువ. జవాబు గట్టిగా ఉండాలి. మా జవాబు మా వార్డులోంచే వచ్చింది. మందులచీటీ మళ్ళీ చేతిలోకి వచ్చినందుకు మిత్రులు కోప్పడకండి.

కొంతకాలం కిందట ఒక పెద్దావిడ వచ్చింది. వివరాలు మార్చి చెబుతున్నాము. దిగువ పేరాక్ కొబ్బరి తోటల్లో వయసంతా గడిపిన తెలుగు మనిషి. వెంట మనవరాలు, కాలేజీ పిల్ల, ఇంగ్లీషు, మలయ్ గడగడా మాట్లాడుతుంది. ఏం బాధ అని అడిగితే ఆ పిల్ల, "సాకిట్ దాదా" అంది. ఛాతీలో నొప్పి. ఎలాంటి నొప్పమ్మా అంటే మళ్ళీ అదే మాట. మలయ్‌లో నొప్పికి మాటలు లేక కాదు, బోలెడున్నాయి. అవ్వ చెప్పింది ఆ పిల్లకు అందలేదు, అంతే. మేము మంచం పక్కన కూర్చుని తెలుగులో అడిగాము. అవ్వ ముఖం విప్పారింది. "గుండెల మీద రోలు పెట్టినట్టుంది బాబూ! ఎడమ జబ్బ లాగేస్తోంది. నడిస్తే బరువు, కూర్చుంటే నిమ్మళం" అంది.

వైద్యులు కానివారికి ఒక మాట చెప్పాలి. ఆ మూడు ముక్కల్లో వైద్యగ్రంథంలో ఒక అధ్యాయం ఉంది. గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పి చాలామందిలో ఇలాగే ఉంటుంది: బరువు, చేతిలోకి పాకడం, నడిస్తే పెరగడం, ఆగితే తగ్గడం. అందరికీ ఇలాగే రావాలని లేదు. ముసలివారిలో, ఆడవారిలో, చక్కెరజబ్బు ఉన్నవారిలో ఆయాసమో, నీరసమో మాత్రమే కనపడవచ్చు. ఈసీజీ తీస్తాము, రక్తం పరీక్షిస్తాము. కానీ ఏ పరీక్ష ముందు చెయ్యాలో, ఎంత తొందరపడాలో మొదట దారి చూపేది రోగి నోటి మాటే. తెలుగులో ఆ మాటలు ఎన్ని! పోటు వేరు, సలుపు వేరు. మంట వేరు, గుంజు వేరు. తీపు, కుట్టు, తిమ్మిరి, పట్టేసినట్టుండడం, మెలిపెట్టినట్టుండడం. రష్యావాడికి మంచు ఎలాగో మనకు నొప్పి అలాగ. మన అవ్వలు ఏ వైద్యకళాశాలలోనూ చదవకుండా రోగలక్షణాలను ఇంత నాజూకుగా వేరుచేసి పేర్లు పెట్టారు. ఆ పేర్లన్నీ మనవరాలి దగ్గరికి వచ్చేసరికి ఒక్క 'సాకిట్' అయిపోయాయి.

ఆ అవ్వ మందులతో కోలుకుని ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల తెలివైనది, అవ్వంటే ప్రాణం పెడుతుంది. లోపం ప్రేమలో కాదు, మాటల్లో. మనమూ ముసలివాళ్ళం అవుతాము. బయట మాట్లాడే ఇంగ్లీషు నొప్పి ముదిరినప్పుడు నోటికి రాదు, అమ్మ నేర్పిన మాటే వస్తుంది. ఇది మేము వార్డులో ఎన్నోసార్లు చూశాము. ఆ వేళ మన మంచం పక్కన నిలబడి, మన మాట డాక్టరుకు అందించవలసిన అనువాదకుడు ఎవరు? మాస్కో నుంచి రాడు. మన ఇంట్లో పెరుగుతున్న పిల్లే. లక్ష్మణరావుగారు అరవై దగ్గరపడ్డాక పరాయి దేశంలో మొదలుపెట్టిన పని మన పిల్లలు ఆరేళ్ళప్పుడు మొదలుపెడితే చాలు.

అందుచేత తరగతిని ఎత్తివేయవద్దని మా మనవి. పదిమంది వచ్చినా, నలుగురే వచ్చినా నడుపుదాము. 18 సంచికలతో ఆగిపోయిన పత్రికను ఒక జాతి 200 ఏళ్ళకు పైగా తలుచుకుంటూ ఉంటే, నలుగురు పిల్లల తరగతికి నామోషీ ఎందుకు? పాఠ్యపుస్తకం రుచించని పిల్లలకు 'నొప్పి డాక్టరు' చదివి వినిపిద్దాము. పెద్దవాళ్ళు 'తొలి ఉపాధ్యాయుడు' పట్టుకుని వారానికి నాలుగు పేజీల చొప్పున వంతులు వేసుకుని పైకి చదువుదాము. నువ్వు ఎక్కడ, మీరు ఎక్కడ అన్నది పిల్లలకు వ్యాకరణం చెప్పకుండానే అలవడుతుంది.

ఇందుకోసం రెండు కోరికలు. మొదటిది పెద్దలకు. మీ ఇంట్లో గానీ, స్వదేశంలో మీ పెద్దల అలమరాలో గానీ ఆ పాత మాస్కో తెలుగు పుస్తకాలుంటే, ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు రెండేసి తెచ్చి సంఘం బీరువాలో పెట్టండి. ఆవకాయ సీసాల మధ్య రెండు పుస్తకాలు పట్టకపోవు. అట్ట చిరిగినా ఫరవాలేదు, కుట్టించుకుందాము.

రెండవది పిల్లలకు. అమ్మమ్మనో, నానమ్మనో, ఫోనులో అయినా సరే, అడిగి తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో, ఏ మాట ఎప్పుడు వాడతారో రాసుకుని తరగతికి తీసుకురండి. మేము ఇక్కడ ఇచ్చినవి పది లోపే. ఇంతకంటే ఎక్కువ తెచ్చినవారి జాబితాను వచ్చే నెల ఈ శీర్షికలో, వారి అవ్వల ఊరి పేరుతో సహా, అచ్చు వేస్తాము.